ఒంటరిగా చేసుకున్న తీర్మానాలు ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నా వయస్సు 28 సంవత్సరాలు. మాది ఉద్దానంలోని ఒక పల్లెటూరు. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు సంస్థలో పని చేస్తూ, గది అద్దెకు తీసుకుని ఒక్కడినే ఉంటున్నాను. శనివారం సాయంత్రం ఊరికి వెళ్లి, ఆదివారం మా సంఘంలో పాటలు నడిపిస్తాను. ఇంటర్ చదివే రోజుల నుంచి ఫోనులో అశ్లీల వీడియోలు చూసే అలవాటు ఉంది. ప్రతి డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఇక చూడనని దేవునికి మాట ఇస్తాను, సంక్రాంతి దాటకముందే తప్పుతాను. నాలుగు నెలల క్రితం ఆఫీసు పని మీద వేరే నగరానికి వెళ్లినప్పుడు, లాడ్జిలో డబ్బులిచ్చి ఒక స్త్రీతో గడిపాను. ఆ పాపిష్టి మనిషి నా జీవితాన్ని పాడు చేసింది. అప్పటికే నాకు ప్రధానం (నిశ్చితార్థం) అయిపోయింది. ఈస్టరు తరువాత పెళ్లి. ఇంతవరకు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. హెబ్రీ 10:26 చదివినప్పుడల్లా ఇక నాకు క్షమాపణ లేదనిపిస్తోంది. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గర చెయ్యి వణుకుతోంది. పెళ్లయితే ఈ అలవాటు పోతుందా? ఆ అమ్మాయికి చెప్పాలా? పాటలు నడిపించడం మానెయ్యాలా? దయచేసి జవాబు ఇవ్వండి.
— శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక సహోదరుడు

జవాబు: ప్రియమైన తమ్ముడికి ప్రభువు పేరట వందనాలు.

నీ ఉత్తరంలో నీవు చేసిన పనులకంటే ముందుగా నా మనస్సుకు తగిలినది ఒక చిన్న వాక్యం. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదని రాశావు. దాదాపు పదేళ్లుగా ఈ భారాన్ని అమ్మానాన్నలకు తెలియకుండా, నీతో కలిసి పాడే యౌవనస్థులకు తెలియకుండా, వారం వారం నీకు వాక్యం చెప్పే పాస్టరు గారికి తెలియకుండా మోసుకు తిరిగావు. పేరు రాయకపోయినా సరే, మొదటిసారిగా ఒక మనిషితో నిజం చెప్పావు. నీవు అడిగిన వాటన్నిటికీ జవాబు ఆ దారిలోనే ఉన్నదని నేను నమ్ముతున్నాను కాబట్టి, ఎక్కడ మొదలుపెట్టినా మళ్లీ ఆ సంగతికే వస్తాను.

ముందుగా నిన్ను నిద్రపోనివ్వని వచనాన్ని చూద్దాం. సత్యాన్ని తెలుసుకున్న తరువాత బుద్ధిపూర్వకంగా పాపం చేసేవారికి హెబ్రీ పత్రిక పదవ అధ్యాయం ఇచ్చే హెచ్చరిక నిజమైనదే. దానిని నేను పలుచన చెయ్యను. అయితే 26వ వచనం దగ్గర ఆగిపోకుండా 29వ వచనం వరకు చదువు. దేవుని కుమారుణ్ణి కాళ్లతో తొక్కి, తనను పరిశుద్ధపరచిన రక్తాన్ని అపవిత్రమైనదిగా ఎంచి, కృపకు మూలమైన ఆత్మను తిరస్కరించినవాడి గురించి అక్కడ రాసి ఉంది. శ్రమలు ఎక్కువై, క్రీస్తునే విడిచిపెట్టి వెనక్కి పోదామా అని ఆలోచిస్తున్న విశ్వాసులకు వెళ్లిన పత్రిక అది. పడి, ఏడ్చి, మళ్లీ పడి, అయినా క్రీస్తు దగ్గరికే తిరిగి వచ్చి, నాకు ఇంకా చోటు ఉందా అని అడుగుతున్నవాడు ఆయనను తొక్కినవాడు కాడు. మన బలహీనతలు ఎరిగిన ప్రధాన యాజకుడు మనకు ఉన్నాడనీ, ఆయన మనలాగే శోధించబడినా పాపం లేనివాడనీ, కనుక ధైర్యంగా కృపాసనం దగ్గరికి రావాలనీ అదే పత్రిక నాలుగో అధ్యాయం పిలుస్తోంది. ఆ పిలుపు నీకు చెల్లదని ఎవరు చెప్పారు? కొరింథు సంఘానికి రాస్తూ పౌలు జారులను, వ్యభిచారులను పేర్కొని, వెంటనే "మీలో కొందరు అట్టివారై యుంటిరి" అన్నాడు. వారు కడుగబడ్డారు, పరిశుద్ధపరచబడ్డారు అని కూడా అన్నాడు. ఓడరేవు పట్టణంలోని ఆ సంఘంలో నీలాంటి గతం ఉన్నవారు కొందరు కూర్చుని ఆ పత్రిక చదువుతుంటే విన్నారన్నమాట. నీకు క్షమాపణ ఉంది. ఈ విషయంలో నాకు సందేహం లేదు.

మరి క్షమాపణ ఉన్నప్పుడు తీర్మానాలు ఎందుకు నిలవడం లేదు? డిసెంబరు 31 రాత్రి నీవు ఏడ్చిన కన్నీళ్లు దొంగవని నేను అనను. అయితే ఆ రాత్రి గుడి నిండా జనం ఉన్నా నీవు ఒంటరిగానే ఉన్నావు. మోకరించిన చోటనే, ఎవరికీ వినబడకుండా, ఎవరికీ తెలియనివ్వనన్న పట్టుదలతోనే మాట ఇచ్చావు. అంటే పాపాన్ని విడిచిపెట్టాలనుకున్నావు కానీ, పాపం తలదాచుకున్న ఆ రహస్యాన్ని మాత్రం అలాగే ఉంచుకున్నావు. ఇచ్చిన మాట తప్పిన మరునాటి నుంచి సిగ్గు, ఆ సిగ్గు వల్ల మరింత ఒంటరితనం, ఆ ఒంటరితనంలో మళ్లీ ఫోను. ఈ సుడిలో పదేళ్లు తిరిగావు. దావీదు దీనిని బాగా ఎరిగినవాడు. రాజులు యుద్ధానికి వెళ్లే కాలంలో తాను యెరూషలేములో ఉండిపోయి, సాయంకాలం మిద్దె మీద తిరుగుతూ ఊరియా భార్య బత్షెబను చూసిన చూపు ఎంతదాకా పోయిందో రెండవ సమూయేలు 11వ అధ్యాయంలో ఉంది. ఒక పాపాన్ని దాచడానికి మరొకటి, దానిని దాచడానికి ఊరియా ప్రాణం. తాను మౌనంగా ఉన్నంత కాలం తన ఎముకలు క్షీణించాయని 32వ కీర్తనలో పాడుకున్నాడు. ఆ మౌనం దానంతట అది వీడలేదు. నాతాను ప్రవక్త లోపలికి వచ్చి ఎదురుగా నిలబడి మాట్లాడిన తరువాతే దావీదు నోటి నుంచి 'నేను పాపము చేసితిని' అన్న మాట వచ్చింది.

మరొకరి సంగతి చెబుతాను. ఉత్తర ఆఫ్రికాలో 354లో పుట్టి, తరువాత క్రైస్తవ బిషప్పు అయిన అగస్టీను యౌవనమంతా శరీర వాంఛలకు బానిసగా గడిచింది. తనకు పవిత్రత ఇమ్మని దేవుణ్ణి అడుగుతూనే, ఇప్పుడే వద్దని కూడా కోరుకున్నానని తరువాతి కాలంలో తానే రాసుకున్నాడు. 386లో మిలాను నగరంలో ఒక తోటలో కూర్చుని ఏడుస్తున్న సమయాన పౌలు పత్రికలు తెరిచి, రోమా 13వ అధ్యాయం చివరి మాటలు చదివాడు. ప్రభువైన యేసుక్రీస్తును ధరించుకుని, శరీరేచ్ఛల కోసం ఏర్పాట్లు చేసుకోవద్దన్న మాటలవి. ఆయన మారిన సంగతి చాలామంది చెబుతారు కానీ, ఆ మరుక్షణంలో జరిగినది మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. తోటలోనే ఉన్న స్నేహితుడు అలీపియుకు అంతా చెప్పాడు, తరువాత ఇద్దరూ లోపలికి వెళ్లి తల్లి మోనికాకు చెప్పారు. మరుసటి ఏడాది 387లో ఇద్దరు స్నేహితులూ కలిసి బాప్తిస్మం పొందారు. అగస్టీను కన్నీటికీ నీ డిసెంబరు కన్నీటికీ నాకు కనిపించిన తేడా ఇదే. ఆయన వెంటనే చెప్పేశాడు.

మన సంఘాల గురించి ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. సాక్ష్యాల సమయంలో తాగుడు మానేశానని, చుట్ట మానేశానని, అప్పుల్లోంచి ప్రభువు గట్టెక్కించాడని చెప్పేవారిని విని మనం స్తోత్రం అంటాము. చూపు తప్పిందని, ఫోనులో పడిపోయానని చెప్పుకోవడానికి మాత్రం మన కూటాల్లో చోటు లేదు. యౌవనస్థుల కూటంలో ఈ మాట ఎత్తితే పెద్దలకు ఇబ్బందిగా ఉంటుందని వాక్యం చెప్పేవారు పక్కకు తప్పుకుంటారు. అందువల్ల పదహారేళ్ల పిల్లవాడు తానొక్కడే ఈ లోకంలో ఇంత నీచుణ్ణని అనుకుంటూ పెరుగుతాడు. నీవు పదేళ్లు నోరు మూసుకున్నందుకు నిన్ను ఒక్కడినే తప్పు పట్టడం న్యాయం కాదు. ఆ నిందలో మా వంటి పెద్దలకు భాగం ఉంది. సాధారణంగా మనుష్యులకు కలిగే శోధన తప్ప మరేదీ మీకు సంభవించలేదని పౌలు కొరింథీయులకు రాసిన మాటను మనం బయటికి చెప్పి ఉంటే నీ వంటివారు ఎందరో ముందుగానే నోరు విప్పి ఉండేవారు.

కాబట్టి ఈ వారంలోనే ఒక మనిషికి చెప్పు. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు పత్రిక చెబుతోంది. అయితే అందరితోనూ అని చెప్పలేదు. నీ పాస్టరు గారు విన్న మాటను కడుపులో దాచుకునే మనిషైతే ఆయనే మొదటివారు. వారి మీద ఆ నమ్మకం కుదరకపోతే, వయస్సులో పెద్దవాడు, కుటుంబం ఉన్నవాడు, ప్రార్థనాపరుడు, ఒకరి సంగతి మరొకరి దగ్గర ఎత్తని సహోదరుడు పక్క సంఘంలో ఉన్నా సరే, ఆయన దగ్గరికి వెళ్లు. స్త్రీల దగ్గర ఈ సంగతులు చెప్పుకోవద్దు. ఆ సానుభూతి కొత్త శోధనకు తలుపు తెరుస్తుంది. ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి చెప్పేయాలన్న ఆవేశం కూడా వద్దు. ఆ మాట సాయంత్రానికి ఊరంతా తిరిగి, నీవు చెప్పకముందే ఆ అమ్మాయి ఇంటికి చేరుతుంది. చెప్పేటప్పుడు కూడా 'నాకు కొన్ని బలహీనతలున్నాయి, ప్రార్థించండి' అని గుండ్రంగా చెప్పి బయటపడకు. ఎప్పటి నుంచి, ఏ సమయాల్లో, ఎంతదాకా, లాడ్జిలో ఏం జరిగింది అన్నది వర్ణనలు లేకుండా, దాపరికం లేకుండా చెప్పు. నాకు రాసిన ఉత్తరం ఉంది కదా, మాట పెగలకపోతే దానినే చదివి వినిపించు.

ఇక రోజువారీ సంగతులు. శోధన రావడమే పాపం కాదు. ప్రభువుకూ శోధన వచ్చింది. దేహానికి కోరిక ఉండడమూ పాపం కాదు, స్త్రీ పురుషులను కలిపినవాడు దేవుడే. కోరిక ఆలోచనగా మారి, ఆ ఆలోచనను మనం కూర్చోబెట్టి పోషించినప్పుడు అది గర్భం ధరించి పాపాన్ని కంటుందని యాకోబు చెబుతాడు. అందుచేత పోరాటం రాత్రి పన్నెండు గంటలకు కాదు, సాయంత్రం ఆరు గంటలకే మొదలుపెట్టాలి. నీవు పడిపోయే రాత్రులను గుర్తు చేసుకో: ఆఫీసులో మాట పడిన రోజా, ఊరికి వెళ్లలేకపోయిన శనివారమా, జీతం అందిన రోజా, ఏ పనీ లేక మంచం మీద పడుకుని ఫోను తిప్పుతూ ఉండిపోయిన వర్షపు సాయంత్రమా? ఆ సమయాలు తెలిస్తే ఆ సమయానికి నీవు ఎక్కడ ఉండాలో ముందే నిర్ణయించుకోవచ్చు. యోసేపు చేసినది ఇదే. ఐగుప్తులో తాను దాసుడిగా ఉన్న ఇంటి యజమానురాలు దినదినం మాట్లాడుతున్నా వినలేదు, ఆమె దగ్గర ఉండడానికే ఒప్పుకోలేదు. చివరికి ఇంట్లో ఎవరూ లేని వేళ పట్టుకున్నప్పుడు వస్త్రం విడిచిపెట్టి బయటికి పారిపోయాడు. అక్కడ నిలబడి ప్రార్థన చేసినట్టు రాసి లేదు. జారత్వానికి దూరంగా పారిపొమ్మని పౌలు కూడా చెప్పాడు. పక్కనే నిలబడి గెలవమని చెప్పలేదు.

నీ విషయంలో పారిపోవడమంటే ముందుగా ఆ ఒంటరి గది నుంచి బయటపడడమే. అద్దె కొంచెం ఎక్కువైనా, సౌకర్యం తక్కువైనా, విశ్వాసులైన కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఉండే చోటికి మారు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఫోను నీ మంచం దగ్గర ఉండకూడదు. వేరే గదిలో, వేరొకరి దగ్గర ఛార్జింగుకు పెట్టు, పొద్దున్న లేవడానికి మామూలు అలారం గడియారం కొనుక్కో. అలాంటి సైట్లను అడ్డుకునే యాప్ వేసుకుని దాని పాస్‌వర్డు నీవు నమ్మిన సహోదరుడి చేతికి ఇవ్వు. యాప్ నిన్ను పరిశుద్ధుణ్ణి చెయ్యదు. కానీ తొందరపాటుకూ పతనానికీ నడుమ కొంత సమయం దొరికేలా చేస్తుంది, ఆ సమయమే నీకు కావలసింది. కోరిక ఎంత బలంగా వచ్చినా అది పెరిగి, కాసేపు నిలిచి, తగ్గిపోతుంది. ఆ కాసేపు నీవు గదిలో ఉండకూడదు. చెప్పులు వేసుకుని రోడ్డు మీదికి వచ్చి, ఏడు రోడ్ల కూడలి దాకా నడుస్తూ ఆ సహోదరుడికి ఫోను చెయ్యి. 'ఇప్పుడు కష్టంగా ఉంది' అన్న ఒక్క ముక్క చాలు.

ఇంత చేసినా నెలల తరబడి అదుపు రాక, నిద్రా ఉద్యోగమూ దెబ్బతింటుంటే వైద్యుణ్ణి కలవడానికి సిగ్గుపడకు. అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 అనే తన రోగాల వర్గీకరణలో, 2022 జనవరి నుంచి, ఒక మానసిక రుగ్మతగా గుర్తిస్తోంది. ఒక పని నైతికంగా తప్పన్న బాధ ఒక్కటే ఉంటే దానిని రుగ్మత అనకూడదని కూడా అందులోనే చెప్పారు. నీది ఏదో తేల్చవలసింది నేను కాదు, మానసిక వైద్యుడు. ఫోనులో మానసిక ఆరోగ్య సాయం అందించే కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మందూ ప్రార్థనా ఒకదానికొకటి అడ్డు రావు.

లాడ్జి సంగతిలో నీ ఉత్తరంలోని ఒక వాక్యం నాకు బాధ కలిగించింది. ఆమెను పాపిష్టి మనిషి అన్నావు, నీ జీవితాన్ని పాడు చేసిందన్నావు. తమ్ముడూ, ఆమె నిన్ను వెతుక్కుంటూ మీ ఊరికి రాలేదు. డబ్బు పట్టుకుని వెళ్లినవాడివి నీవు. ఆమె ఏ అప్పు వల్ల, ఎవరి మోసం వల్ల, ఎవరి బెదిరింపు వల్ల ఆ గదిలోకి వచ్చిందో నీకు తెలియదు. ఫోను తెర మీద కనిపించే వారి విషయమూ అంతే. వారిలో ఎవరు ఇష్టపడి నిలబడ్డారో, ఎవరిని నిలబెట్టారో చూసేవాడికి తెలియదు. మనిషిని దేవుని స్వరూపంగా చూడడం మానేసి, వాడుకుని వదిలేసే వస్తువుగా చూడడమే ఈ పాపానికి మూలం. ఆమెను తిట్టడం కూడా ఆ చూపులోంచి వచ్చినదే. ప్రభువు వంశావళిలో వేశ్య అయిన రాహాబు పేరు ఉన్నదని, పాపాత్మురాలని ఊరంతా అనుకున్న స్త్రీ పరిసయ్యుడైన సీమోను ఇంట్లో ఆయన పాదాలను కన్నీళ్లతో తడిపినప్పుడు ఆయన ఆమెను నెట్టివేయలేదని గుర్తు చేసుకో. ఆమె కోసం ప్రార్థించు. ఆమెను వెతికి రక్షించాలన్న పేరుతో మళ్లీ ఆ దారిన మాత్రం వెళ్లకు.

దీనితోపాటు ఇంకొక పని వెంటనే చెయ్యాలి. నాలుగు నెలలు గడిచాయి కనుక ఇప్పుడు చేయించుకునే హెచ్‌ఐవీ పరీక్ష ఫలితాన్ని నమ్మవచ్చు. మామూలు పరీక్షలకు మూడు నెలల వ్యవధి సరిపోతుంది. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో హెచ్‌ఐవీ సలహా, పరీక్షలు చేసే ఐసీటీసీ కేంద్రం ఎక్కడుందో అడిగి వెళ్లు. పరీక్ష ఉచితం, ముందూ తరువాతా కౌన్సెలరు మాట్లాడతారు. నీ అంగీకారం లేకుండా పరీక్ష చెయ్యకూడదనీ, ఫలితాన్ని ఇతరులకు వెల్లడించకూడదనీ 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు కూడా అడిగి చేయించుకో. సందేహాలుంటే హెచ్‌ఐవీ సహాయవాణి 1097 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. 'దేవుడు క్షమించాడు కాబట్టి ఏమీ అయి ఉండదు' అని పరీక్ష మానుకోవడం విశ్వాసం కాదు. పెళ్లిలో నీ దేహంతో పాటు మరొకరి దేహం, పుట్టబోయే బిడ్డ ఆరోగ్యం ముడిపడి ఉన్నాయి. ఒకవేళ ఫలితం నీవు భయపడినట్టే వచ్చినా, హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్టీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, వాటితో ఆరోగ్యంగా బ్రతికేవారు ఎందరో ఉన్నారు. అప్పుడు కూడా ప్రభువు నిన్ను వదిలిపెట్టాడని అనుకోవద్దు.

పెళ్లయితే ఇదంతా పోతుందా అని అడిగావు. పోదు. 'మూడు ముళ్లు పడితే వాడే దారికొస్తాడు' అన్న మాట మన ఊళ్లలో పెద్దలు తేలిగ్గా అంటారు. కామంతో తపించడం కంటే పెళ్లి చేసుకోవడం మేలన్న పౌలు మాటను కూడా దానికి తోడు తెస్తారు. పెళ్లి కోరికకు దేవుడు ఇచ్చిన పవిత్రమైన చోటు అన్నది నిజమే. కానీ పదేళ్లుగా నీ కన్ను నేర్చుకున్నది వేరు. అడగకుండా, మాట్లాడకుండా, ఎదుటి మనిషి అలసటనూ ఇష్టాన్నీ లెక్కచెయ్యకుండా, నచ్చకపోతే మరొకదానికి మారిపోవడం అది నేర్చుకున్నది. ఆ కన్నుతో పడకగదిలోకి వెళ్లినవాడు భార్యలో కూడా ఆ బొమ్మలనే వెతుకుతాడు. ఆమెకు కారణం తెలియకుండానే అవమానం మొదలవుతుంది. భార్య భర్తకు మందు కాదు. క్రీస్తు సంఘాన్ని ప్రేమించి దాని కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు భర్త భార్యను ప్రేమించాలని ఎఫెసీ పత్రిక అడుగుతోంది, ఇచ్చే చెయ్యి అక్కడ భర్తది. ఆ చెయ్యి చాపడం నేర్చుకోవడానికి నీకు కొంత కాలం కావాలి. అందుకోసం పెళ్లి కొన్ని నెలలు వెనక్కి జరిగినా నష్టం లేదని నా అభిప్రాయం.

ఆ అమ్మాయికి చెప్పాలి. ఈ విషయంలో నాతో ఏకీభవించని పెద్దలు ఉన్నారు. గతం దేవుడు మరచిపోయాక తవ్వడం ఎందుకని, నిష్కారణంగా ఒక ఆడపిల్ల మనస్సు విరిచెయ్యడం ఎందుకని వారు అడుగుతారు. వారి దయను నేను కాదనను. అయితే నీవు చేసినది ప్రధానం అయిన తరువాత చేసినది. ఆమెకు మాట ఇచ్చిన తరువాత తప్పినది. అది ఆమెకు సంబంధించిన విషయం. ఆమె ఆరోగ్యానికీ సంబంధించినది. అన్నీ తెలిసిన మీదట అవునో కాదో చెప్పే హక్కు పెళ్లికి ముందు ఆమెకు ఉంది. పెళ్లయ్యాక ఎప్పుడో బయటపడితే ఆ హక్కు మిగలదు. మొదట పాస్టరు గారితో మాట్లాడు, పరీక్ష ఫలితం చేతికి తీసుకో, ఆ తరువాత పాస్టరు గారూ ఆయన భార్య అయిన అమ్మగారూ పక్కన ఉండగా ఆమెతో చెప్పు. ఫోనులో చెప్పకు, వాట్సాప్‌లో అస్సలు రాయకు. జరిగినది జరిగినట్టు, క్లుప్తంగా, వర్ణించకుండా, ఎవరి మీదికీ నెట్టకుండా చెప్పి, ఆమె అడిగినదానికి నిజం చెప్పు. వెంటనే క్షమించమని అడగకు. 'నీవూ విశ్వాసివే కదా, ఏడు డెబ్బదుల మారులు క్షమించాలని ప్రభువు చెప్పలేదా' అని వాక్యాన్ని ఆమె మెడ మీద పెట్టకు. క్షమించడం వేరు, పెళ్లి చేసుకోవడం వేరు. ఆమె నిన్ను క్షమించి కూడా ఈ పెళ్లి వద్దని చెప్పవచ్చు, ఆ మాటకు నీవు తల వంచాలి.

అలా జరిగితే మన వైపు ఏమవుతుందో నీకు తెలుసు. శుభలేఖలు అచ్చయి ఉంటాయి, బంధువుల దగ్గర మాట పోయిందంటారు, ప్రధానం అయ్యాక తప్పిపోయిన సంబంధమంటే ముందుగా వేలు చూపేది ఆడపిల్ల వైపే. ఆ నింద ఆమె మీద పడకుండా చూడడం నీ పని. 'తప్పు నాది, ఆ అమ్మాయిలో ఏ లోపమూ లేదు' అని నీ నోటితో మీ పెద్దలకూ వారి పెద్దలకూ చెప్పాలి. వివరాలు ఊరికి చెప్పనక్కరలేదు, ఈ ఒక్క మాట మాత్రం స్పష్టంగా, అందరి ముందూ చెప్పాలి. కట్న కానుకల లెక్కలుంటే, ఖర్చులు పెట్టి ఉంటే, అడగకముందే తిరిగి ఇచ్చెయ్యండి. ఒకవేళ ఆమె నీతో నిలబడతానంటే, ఆ నమ్మకాన్ని మళ్లీ సంపాదించుకోవడానికి ఏళ్లు పట్టవచ్చనీ, ఆమె ఫోను చూపించమని అడిగిన రోజు నీవు నొచ్చుకోకూడదనీ ముందే మనస్సులో అనుకో.

పునరుద్ధరణ అన్న మాట వినగానే ఒక్క రాత్రి ప్రార్థనలో అంతా అయిపోవాలని మనకు ఆశ. నీవు ఉద్దానం బిడ్డవు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో కళ్లారా చూసి ఉంటావు. పడిన చెట్లను నరికి తొలగించాలి, తరువాత గొయ్యి తీసి మొక్క పెట్టాలి, నీళ్లు పోస్తూ కాపు కోసం ఏళ్లు ఎదురు చూడాలి. మొక్క పెట్టిన రోజున తోట కనిపించదు, అయినా పెట్టినవారు పెట్టారు. మిడతలు తిన్న సంవత్సరాల పంటను మరల ఇస్తానని యోవేలు ద్వారా దేవుడు చెప్పాడు. ఈ కాలంలో మళ్లీ పడవచ్చు కూడా. పడితే ఆ రాత్రే దేవుని దగ్గర ఒప్పుకో, తెల్లవారగానే ఆ సహోదరుడికి చెప్పు. డిసెంబరు 31 కోసం ఆగకు. నీతిమంతుడు ఏడుమారులు పడినా తిరిగి లేస్తాడని సామెతల గ్రంథం అంటుంది. పడడానికి ఇది అనుమతి కాదు, పడ్డచోటే పడి ఉండిపోవద్దని చెప్పడం.

ఇక బల్ల, పాటలు. మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకుని ఆ రొట్టె తినాలని పౌలు చెప్పాడే కానీ, పరీక్షించుకుని దూరంగా వెళ్లిపోవాలని చెప్పలేదు. ఒప్పుకుని విడిచిపెట్టేవాడికి ఆ బల్ల మీద చోటు ఉంది. అయినా కొన్ని వారాలు ఆగమని పాస్టరు గారు చెబితే, దానిని శిక్షగా కాక వైద్యంగా తీసుకో. పాటలు నడిపించడం మాత్రం ప్రస్తుతానికి ఆపు. నీ గొంతు పనికిరాదని కాదు. ముందు నిలబడినవాడికి తన లోపలి సంగతి దాచుకోవలసిన అవసరం ఎక్కువవుతుంది, నీకు ఇప్పుడు అక్కరలేనిది అదే. కూర్చుని పాడు. ప్రభువు పేతురును మళ్లీ నిలబెట్టిన తీరు యోహాను 21వ అధ్యాయంలో చూడు. ప్రధాన యాజకుని ఇంటి ముంగిట బొగ్గుల మంట దగ్గర మూడుసార్లు ఎరుగనని బొంకినవాణ్ణి, తిబెరియ సముద్రతీరాన బొగ్గుల మంట దగ్గరే కూర్చోబెట్టి, ముందు కడుపు నిండా తినిపించి, తరువాత మూడుసార్లు అడిగి, గొర్రెలను అప్పగించాడు. మిగతా శిష్యులు అక్కడే ఉన్నారు, రహస్యంగా ఏమీ జరగలేదు. నీకు మళ్లీ పాట అప్పగించే రోజును నీవు నిర్ణయించుకోకు, సంఘ కాపరిని నిర్ణయించనివ్వు.

ఈ శనివారం ఊరికి వెళ్లగానే ఇంటికి వెళ్లకముందే పాస్టరు గారిని కలువు. ఆదివారం పాటలు వేరొకరికి ఇవ్వమని చెప్పడానికి వచ్చానని మొదలుపెడితే, ఎందుకని ఆయనే అడుగుతారు. సోమవారం ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లు. ఫలితం వచ్చాక, ఆ అమ్మాయితో మాట్లాడాక, ఏది ఎలా జరిగినా నాకు మళ్లీ రాయి. పేరు అక్కరలేదు, 'ఉద్దానం తమ్ముడు' అని రాస్తే గుర్తు పడతాను. అంతవరకు ప్రతి ఉదయం నీ కోసం, ఆ అమ్మాయి కోసం, ఆ లాడ్జిలోని స్త్రీ కోసం ప్రార్థిస్తాను.